నైరుతి మూల ఎర్తు గుంత

మొన్న బేస్తారం పొద్దుగాల, ఎప్పటి లెక్కనే ఆరున్నరకు సెట్టు ముందర కూసోని, మైకు దగ్గరికి తీసుకొని అందరికి నమస్కారం చెప్పబోయిన్నో లేదో, ఆ మైకు నా కింది పెదవిని సూది పెట్టి పొడిసినట్టు కరిసింది. మైకు కరుసుడేంది అని నవ్వకున్రి. నేను హామ్ రేడియో మనిషిని, అంటే సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తీసుకొని, ఇంట్లనే స్టేషను పెట్టుకొని, ఊరూరా ఉన్న నా అసుంటి వాళ్లతోని గాలిల మాట్లాడుకునేదాన్ని. మా స్టేషనుకు ఎర్తు సరిగ లేకపోతే, భూమిలకు పోవాల్సిన కరెంటు తొవ్వ దొరుకక మళ్లొచ్చి సెట్టు డబ్బ మీద, మైకు జాలి మీద కూసుంటది, మూతి తగిలిందా చురుక్కుమంటది. నలభై ఏండ్ల సంది మాట్లాడుతున్న గని నా సెట్టు నన్ను కరిసింది లేదు. చప్పున మైకు కింద పెట్టి, కిటికీ కింద ఉన్న ఎర్తు గుంతకు ఏమైందో చూద్దామని బయటికి పోయిన.

గుంత లేదు. గుంత ఉన్న జాగల ఎర్ర టైల్స్ పరిసి ఉన్నయి, సందులల్ల సిమెంటు ఇంక తడి ఆరలేదు. నా కిటికీల నుంచి దిగే రాగి పట్టీని గోడకు సమంగ కోసేసి, కోసిన కొసకు రంగు గూడ రాసిన్రు. నేను మూడు దినాలు దొంతన్‌పల్లిల చుట్టాలింట్ల పెండ్లికి పోయి వచ్చేసరికి మా ఇంటోళ్లు పనంత కతం చేసిన్రు. నన్నొక మాట అడిగితే వాళ్ల సొమ్మేం పోయింది? ఫోను లేదా? ఆ మూడు దినాలల్ల తిన్నవా, పన్నవా అని పూటకోసారి ఫోను చేసినోళ్లే గదా!

ఈ ఇల్లు మొయినాబాద్ కాడ చిన్న మంగళారం దగ్గర, నేను, మా తమ్ముడు కలిసి తీసుకున్న జాగల కట్టుకున్నది. సర్కారు బడిల సైన్సు టీచరుగ చేసి రిటైరైనంక నేను తమ్ముని ఇంటోళ్లతోని ఇక్కడనే ఉంటున్న. మా తమ్ముని కొడుకు మంచోడు, అది ముందుగాల చెప్పాలె, లేకుంటే మీరు వాని గురించి వేరే తీరు అనుకుంటరు. చందనవెల్లి దిక్కు ఒక డేటా సెంటర్ల ఇంజనీరు వాడు. అక్కడ బీరువల లెక్క నిలవెట్టిన మిషన్లకు ఎర్తు మంచిగున్నదా లేదా అని మీటరు పెట్టి చూసుకునేది వాని పనే! అటువంటోడు, పెండ్లాం స్కూటీ మీద నుంచి పడి చెయ్యి విరిగిందని, బోరు మోటరు రెండుసార్లు కాలిందని, వాస్తు చెప్పే ఒకాయనను పట్టుకొచ్చిండు. ఆయన ఇల్లంత తిరిగి నైరుతి మూల గుంత ఉండొద్దన్నడట, గుంతలైనా నీళ్లైనా ఈశాన్యంల ఉండాలెనట. సరే, గుంతను అటు తోలితే నా అర్రను గూడ అటే తోలున్రి అన్న. అది గూడ కుదరదట, ఇంట్ల పెద్ద మనిషి నైరుతి మూలకే పండాలెనట! నేనొక మూల, నా ఎర్తు దానికి ఎదురు మూల. ఒళ్లు మండిపోయింది నాకు.

“అత్తమ్మా, నువ్వెందుకు ఫికర్ చేస్తవు, కొత్త గుంత పాతదాని కన్న రెండు ఫీట్లు లోతు తీయించిన,” అనుకుంట వాడు ఆ ఈశాన్యం గుంత కాడి నుంచి ఒక సన్నటి పచ్చ వైరును గోడ పొంటి సగం ఇల్లు చుట్టి, మూలమూలకు మలిపి నా అర్రలకు తెచ్చిండు. ఎర్తు తీగ లావుగ ఉండాలె, పొట్టిగ ఉండాలె, వంకలు లేకుంట నేరుగ దిగాలె అని బడి పిల్లలకు చెప్పినట్టు చెప్పిన. పొడుగు తీగ ఎర్తు కాదురా, అది గాలిలకు ఇసిరే ఇంకో ఏరియల్ తీగ అయితది, పిడుగు గిన పడితే ఆ వంకలన్ని తిరుక్కుంట పోయే ఓపిక దానికి ఉండదు, తొవ్వల ఏది దొరికితే దాన్ని పట్టుకొని దిగుతది అన్న. వాడు తలూపిండు. తలూపుడు వాళ్లకు కొలువుల నేర్పుతరేమో, తలూపినంక ఎవరి పని వాళ్లు చేసుకుంటరు. పచ్చ వైరు కలిపి మాట్లాడి చూసిన. ఈసారి పై పెదవిని గూడ కరిసింది, అవతలోళ్లకు నా గొంతు పీలగ వచ్చిందట.

ఎర్తు చదువు నాకు నేర్పింది మా చిన్నాయన. చేవెళ్ల బజార్ల మాది కిరాణ దుకాణం, దాని ఎనుక ఇల్లు. బాపు గల్ల మీద కూసుంటే, బాపు తమ్ముడు మా చిన్నాయన దుకాణం పక్క సందుల ఒక బల్ల ఏసుకొని రేడియోలు బాగు చేస్తుండె. నాకప్పుడు మొయినాబాద్ బడిల టీచరు కొలువు కొత్తగ వచ్చింది, రోజు బస్సుల పోయి వస్తున్న. మా ఈడు వాళ్లకు యాదికుంటది, రేడియో సాఫ్‌గ ఇనవడాలెనని డాబా మీద రాగి జాలి పట్టీ కట్టేటోళ్లు గదా, చేవెళ్లల అవన్ని కట్టింది ఎక్కువ మటుకు మా చిన్నాయననే. హామ్ లైసెన్సు ముందుగాల ఆయన తెచ్చుకున్నడు, నన్ను గూడ చదువుమన్నడు. ఆడిపిల్లకు ఇదంత ఎందుకని అనని మనిషి మా ఇంట్ల ఆయన ఒక్కడే.

ఆయన కట్టిన మొదటి ఏరియల్ సంగతి తలుసుకుంటే ఇప్పటికి నవ్వొస్తది. తీగ ఎంత పొడుగుండాలెనో పుస్తకం చూసి లెక్క కట్టిండు గని, కొలుసుడు మాత్రం దుకాణంల తాడు అమ్మినట్టు బారలు పెట్టి కొలిసిండు. దుకాణపోళ్ల బార ఎప్పుడు జర పొట్టిగనే ఉంటది, అది మా రక్తంలనే ఉన్నది. తీగ పైకెక్కినంక చూస్తే పొడుగు చాలదు, సెట్టు ఎంత తిప్పినా కుదరదు. మా బాపు ఆ దినం గల్ల మీద కూసోని పొట్ట పట్టుకొని నవ్విండు, చిన్నాయన మూతి ముడుసుకొని టేపు కొనుక్కరావటానికి పట్నం పోయిండు.

గని ఎర్తు కాడ మాత్రం ఆయన ఎన్నడు తప్పలేదు. తీగ సగం ఏరియల్, భూమి మిగతా సగం అంటుండె. నా లైసెన్సు పరీక్ష ఇంక నెల ఉందనంగ, నా సెట్టు పెట్టబోయే అర్ర పక్కన, వాకిలి గోడ పొంటి నిలువెత్తు గుంత తవ్వించిండు. అడుగున రాగి రేకు పెట్టి, ఒక పొర బొగ్గు, ఒక పొర రాళ్ల ఉప్పు, మళ్ల బొగ్గు, మళ్ల ఉప్పు నింపి, నీళ్లు పోయటానికి నడుమ ఒక పైపు నిలవెట్టిండు. పొద్దుగాల బస్సుకు పోయే ముందు ఆ పైపుల రెండు బిందెలు నీళ్లు పోసుడు నా పని. పోసుకుంట పోసుకుంట పరీక్ష కోసం టెలిగ్రాఫు అక్షరాలు వల్లె వేసుకునేదాన్ని, డా డిట్ డా డిట్, డా డా డిట్ డా అని గొణుక్కుంట.

ఇంట్ల మొదటి లొల్లి ఉప్పుతోని మొదలైంది. చిన్నాయన దుకాణంల నుంచి అర బస్తా ఉప్పు చెప్పకుంట తెచ్చి గుంతల పోసిండు. మేము కోమటోళ్లం, ఉప్పంటే మాకు లక్ష్మి. కింద ఒలికితే ఏరుకొని కండ్లకు అద్దుకుంటం, దీపం పెట్టినంక ఉప్పు పేరు గూడ నోట ఎత్తం. బాపు తల్లి, మా అవ్వ, ఆ సంగతి ఎరుకైన దినం నుంచి మూడు దినాలు మా ఇద్దరిని ఆపకుంట తిట్టింది. లక్ష్మిని బొందపెట్టిన్రు గదరా, ఇల్లు ముంచేదాక మీకు నిద్ర పట్టదా అని అన్నం పెట్టుకుంట గూడ తిట్టింది.

అవ్వ తిట్లు ఇంట్లనే ఉండె. బయటి మాట వేరే. గోడకు అవుతల కాపుదనపోళ్ల ఇల్లు. ఆ ఇంటామె గోడ మీది నుంచి అంత చూసింది: బొగ్గు, ఉప్పు, రాగి రేకు, పొద్దుగాల నీళ్లు పోసుకుంట నేను గొణుగుడు. అంతల వాళ్ల బర్రె పాలియ్యుడు బందు పెట్టింది. ఇంకేమున్నది, టీచరమ్మ బాణామతి చేస్తున్నదన్న మాట చేవెళ్ల బజారంత పాకింది. ఆ మాట మీద పడ్డ ఆడిమనిషి బతుకు ఏమైతదో మా ఈడు వాళ్లకు నేను చెప్ప పనిలేదు. బస్సుల నా పక్క సీటు ఖాళీగ ఉండుడు మొదలైంది. ఈ ముచ్చట మొయినాబాద్ బడి దాక పోతే నా కొలువు గతేంది, రాత్రనక పగలనక అదే రంది.

ఒక ఐతారం పెద్దమనుషులు మా దుకాణం ముందర కూడిన్రు. గుంత తవ్వి, అందుల ఉన్నదంత ఊరవతల వాగుల పారేసి, ఇంక చెయ్యనని నేను అందరి ముందర ఒట్టు పెట్టాలెనన్నరు. చిన్నాయన లేసి కరెంటు ఎట్ల పారుతది, భూమి ఎట్ల గుంజుకుంటది అని చెప్పుడు మొదలువెట్టిండు. ఆయన ఎంత చెప్తే వాళ్లకు అంత అనుమానం పెరిగింది. నేను ఒట్టు పెట్టనన్న. చెయ్యని పనికి ఒట్టెందుకు పెట్టాలె? గుంత తవ్వనియ్యను గూడ అన్న. 

అప్పుడు లోపటి నుంచి అవ్వ వచ్చింది. మూడు దినాలు మమ్ముల దులిపి ఆరవెట్టిన మనిషి, ఇంక మా పని అయిపోయిందనుకున్న. “ఆ గుంతల ఉప్పు పోసింది పిల్ల కాదు, నేను. నా ఇంటి ఉప్పు నా జాగల నా చేతులతోని పోసిన,” అన్నది. “కోమటి ముసల్ది తన లక్ష్మితోని ఒకరి ఇల్లు ముంచుతదా? ముంచితే ముందుగాల నా ఇల్లే మునుగాలె. తవ్వుతరా, తవ్వున్రి, నేనొచ్చి మీద కూసుంట.” పచ్చి అబద్ధం! ఆ ఉప్పును ఆమె చేతితోని ముట్టలేదు. కూడినోళ్లు, ముసలామె పోసిందంటే మరి ఏదో ఉంటదిలే అనుకుంట లేసిన్రు. అవ్వ అంతటితోని ఊకోలేదు, గోడ అవుతలామెను పిలిచి, బర్రెను పశువుల దవాఖానకు తోలుకపో, నా మనుమరాలి మీద పడి ఏడిస్తే పాలు రావు అని గదమాయించింది. పొదుగుకు వాపు వచ్చిందట, మందేస్తే తగ్గింది. ఆ ఎండకాలం మేమందరం ఎనిమిది దినాలు ఊరికి పోతే, మా గుంత ఎండిపోతదని గోడ మీది నుంచి వంగి నీళ్లు పోసింది ఆమెనే.

నాకు మంట ఎందుకంటే ఇందుకు. ఆ చేవెళ్లోళ్లకు ఎర్తంటే ఏందో తెల్వదు, భయపడ్డరు, నా మొఖం మీదనే అడిగిన్రు, నాతోని కొట్లాడిన్రు. నేను గూడ కొట్లాడిన. మా తమ్ముని కొడుక్కు తెలుసు, తెలిసి మూసిండు, నేను లేని దినం చూసి మూసిండు. ఇప్పుడు ఎవరితోని కొట్లాడాలె? లొల్లి పెడదామంటే అందరు అత్తమ్మా, జర చాయ్ తాగు అంటరు. గుంత మీద పోయి కూసుంట అంటే కుర్చీ తెచ్చి ఏస్తరు, ఎండ తగులుతదని గొడుగు పెడుతరు. మా తమ్ముడైతే, “అక్కా, ఇంక ఆ సెట్టెందుకు, మంచి ఫోను కొనిస్త, వీడియోల మొఖాలు గూడ చూసుకుంట మాట్లాడుకోరాదు,” అన్నడు. చేవెళ్లల తిట్టుకుంట అయినా నా మాట ఇన్నరు. ఇక్కడ ఇంత ప్రేమల నా మాట ఎవరికి ఇనవడుతలేదు.

వానలు, పిడుగులు ముందర ఉన్నయి. ఎర్తు లేని స్టేషనుకు తీగ ఉంచుడు నేను నేర్చిన చదువుల లేదు గనుక, నిన్న నేనే డాబా ఎక్కి, ఏరియల్ దించి, చుట్ట చుట్టి అటక మీద పెట్టిన. ఒక్కళ్లన్న వద్దనలేదు. పైపెచ్చు మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త అని చెయ్యి పట్టుకున్నరు.

ఇయ్యాల పొద్దుగాల ఆరున్నరకు పానం ఆగక, బ్యాటరీల మీద నడిచే చిన్న రిసీవర్ పట్టుకొని వాకిట్ల కూసున్న. అది ఇనిపిస్తది గని, మాట్లాడటానికి పనికిరాదు. గాలిల మా రేడియో వాళ్లందరు ఒక్కొక్కరే వచ్చిన్రు, ఎండలు, వానలు, మనుమలు, మోకాళ్లు, ఇవే ముచ్చట్లు. నా వంతు వచ్చింది. నా కాల్‌సైన్, అంటే లైసెన్సుతోని వచ్చిన నా గాలి పేరు, పిలిచిన్రు. జర సేపు ఆగి మళ్ల పిలిచిన్రు. మూడోసారి పిలిచి, అందరి కన్న పెద్దాయన అన్నడు: “నాలుగు దినాలైంది అమ్మ రాక. ఒంట్ల బాగలేనట్టున్నది, వయసు మీద పడ్డది గదా పాపం.” ఇంకొకాయన, ఔను, కడపటిసారి వచ్చినప్పుడే గొంతు పీలగ ఉండె అన్నడు. అన్నంక తరువాతి పేరు పిలిచిన్రు.

నాకేం కాలేదు, నేను మంచిగనే ఉన్న అని ఆ డబ్బను పట్టుకొని గట్టిగ ఒర్రిన. లోపటి నుంచి తమ్ముని కోడలు ఉరికొచ్చి, ఏమైంది అత్తమ్మా అని నా నుదురు మీద చెయ్యి పెట్టి, జ్వరం ఉన్నదా అని చూసింది.