నెమలి మెడలో ఆగిన సూది

2023 శరదృతువులో నేను న్యూజెర్సీలో పిస్కాటవే అనే ఊళ్లో ఒక చిన్న కంప్యూటర్ రిపేర్ షాపులో, ఇళ్లకు వెళ్లి చూసే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక మందుల కంపెనీలో డెస్క్‌టాప్ సపోర్ట్ విభాగంలో ఉన్నాను. అక్కడ మూడు మెట్లుండేవి. ఫోన్ ఎత్తి సమస్య రాసుకునేవాళ్లు మొదటి మెట్టు. మనిషి డెస్క్ దగ్గరకి వెళ్లి చూసేవాళ్లు రెండో మెట్టు. కంపెనీ కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి వెళ్లే సాఫ్ట్‌వేర్‌ని తయారుచేసి పంపేవాళ్లు మూడో మెట్టు. నేను రెండో మెట్టు మీద చేరి రెండో మెట్టు మీద నుంచే బయటికొచ్చాను. కంప్యూటర్ చదువు చదవలేదు. కామర్స్ డిగ్రీతో వచ్చి, పాడైన మెషిన్లు విప్పి బిగిస్తూ నేర్చుకున్నాను. లెక్క మాత్రం మొదటినుంచీ అలవాటు. తెర మీద ఒక అంకె కనిపిస్తే అది దేనిలో భాగమో తెలిసేదాకా నాకు తోచదు.

ఆ అలవాటు వల్లనే ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్లంటే నాకు గౌరవం లేకుండా పోయింది. ముప్పై శాతం పూర్తయిందని తెర చెబుతుంది. దేనిలో ముప్పై? ఫైళ్లలోనా, సమయంలోనా, చూసేవాడి ఓపికలోనా? టీ కాచేలోగా ముప్పైకి చేరి, అక్కడ చతికిలబడి, భోజనాలయ్యాక డెబ్బైకి గెంతి, రీస్టార్ట్ కాగానే మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టేదాన్ని శాతం అనరు. కూరగాయల కొట్టులో కాటా ఇలా ఆడితే జనం ఊరుకోరు. కంప్యూటర్ అయ్యేసరికి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంటారు.

అప్‌డేట్లు అక్కర్లేదనే మూర్ఖుణ్ని కాను. దొంగలు దూరే కన్నాలను పూడ్చడానికి అవి కావాలి. కంపెనీలో మేమూ వేసేవాళ్లం. అయితే ముందు కొద్దిమంది కంప్యూటర్లలో వేసి, వాళ్ల ప్రింటర్లూ తూకం యంత్రాలూ బతికున్నాయో లేదో చూసి, వాళ్లు తిట్టకపోతేనే మిగతావాళ్లకు పంపేవాళ్లం. ఎప్పుడు వేస్తామో ముందుగా చెప్పేవాళ్లం. ఇంట్లో వాడుకునేవాళ్లకు ఆ మర్యాద లేదు. వాళ్లకు తెర మీద రెండే బటన్లు: ఇప్పుడే, కాసేపాగి. వద్దు అనే మూడో బటన్ పెట్టడానికి అంత పెద్ద కంపెనీకి చోటు దొరకలేదు.

ఒక శుక్రవారం పొద్దున షాపుకి వసుంధరగారు ఫోన్ చేశారు. ఆవిడ తన ఇంటి బేస్‌మెంట్‌లో బ్లౌజుల మీద ఎంబ్రాయిడరీ చేసిస్తారు. న్యూజెర్సీలో పెళ్లి కుదిరిన తెలుగువాళ్లలో చాలామంది ఆ మెట్లు దిగినవాళ్లే. ఆవిడ దగ్గరున్నది పాత రకం మెషిన్. దానికంటూ జ్ఞాపకం లేదు. కంప్యూటర్‌లో ఉన్న డిజైన్‌లోంచి ఒక్కొక్క కుట్టూ కేబుల్ గుండా వస్తుంటే అది కుడుతూ పోతుంది. అలా కుట్లు పంపే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో తెరుచుకోవాలంటే డాంగిల్ అనే చిన్న బిళ్లను పక్కన గుచ్చాలి. అది తాళంచెవి లాంటిది.

నేను వెళ్లేసరికి మెషిన్ ఆన్‌లోనే ఉంది. గుండ్రటి ఫ్రేములో ముదురు ఆకుపచ్చ పట్టు బిగించి ఉంది. దాని మీద తోక మొత్తం పూర్తయిన నెమలి, మెడ సగం దాకా వచ్చి ఆగిపోయింది. సూది బట్టలో దిగబడి ఉంది. ఎవరూ దగ్గరికి రాకుండా వసుంధరగారు చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టారు.

జరిగింది ఇది. గురువారం మధ్యాహ్నం ఆవిడ మెషిన్‌కి పని అప్పగించి, స్కూల్ బస్ దగ్గరికి కూతుర్ని తీసుకురావడానికి వెళ్లారు. నెమలి కుట్టేటప్పుడు ఎవరూ మౌస్ కదపరు, కీబోర్డ్ తాకరు. తాకకపోతే మనిషి వాడడం లేదని కంప్యూటర్ లెక్క. కేబుల్‌లో కుట్లు వరసగా పోతూనే ఉన్నాయి. అవి దాని లెక్కలోకి రావు. తీరిక దొరికింది కదా అని రీస్టార్ట్ చేసుకుని, కొత్త వెర్షన్ ఎక్కించుకుంది. ఆవిడ తిరిగొచ్చేసరికి తెర మీద పలకరింపు: మీ ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. నిజమే, ఫైళ్లు ఉన్నాయి. కొత్త వెర్షన్‌కి డాంగిల్ ఎవరో తెలియదు. తాళంచెవిని గుర్తుపట్టని ఇంట్లో సామాను భద్రంగా ఉంటే ఎవరికి లాభం?

మామూలు డిజైన్ అయితే ఇంకో ముక్క తీసుకుని మొదటినుంచి కుట్టుకోవచ్చు. ఈ ముక్కకి ఇంకోటి లేదు. పెళ్లికూతురి అమ్మమ్మ తన పెళ్లిలో కట్టుకున్న చీర అది. మడతల్లో చీకిపోగా, చిరగని భాగం ఒక బ్లౌజుకి సరిపడా మిగిలింది. ఇది వీపు ముక్క. పెళ్లి ఆదివారం. శనివారం మధ్యాహ్నానికి కుట్టుపని పూర్తిచేసి ఇస్తానని పెళ్లికూతురి తల్లి పద్మజగారికి వసుంధరగారు మాటిచ్చారు. ఫ్రేము విప్పితే బట్టను మళ్లీ అదే బిగువులో, అదే చోట పెట్టడం కుదరదు. మెడ ఒకచోట, తల ఒకచోట పడుతుంది. పట్టులో పడ్డ సూది బెజ్జాలు పూడవు.

పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లిపోదాం, అరగంట పని అన్నాను. పెద్ద అప్‌డేట్ వేసుకునే ముందు సిస్టం తన పాత రూపాన్ని ఒక ఫోల్డర్‌లో కొద్దిరోజులు దాచి ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో వెనక్కి వెళ్లే బటన్ నొక్కితే దాన్ని బయటికి తీస్తుంది. ఆ కంపెనీ చేసిన తెలివైన పనుల్లో ఇదొకటి. బటన్ నొక్కాను. వెనక్కి వెళ్లడానికి కావలసిన ఫైళ్లు లేవంది.

అప్పుడు మెట్ల దగ్గర కాఫీ కప్పుతో నిలబడ్డ పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు. వసుంధరగారి అక్క భర్త, రఘురాంగారు. జెర్సీ సిటీలో ఉంటారు, మన్‌హాటన్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీకి క్లౌడ్ ఆర్కిటెక్ట్. మరదలు ఫోన్ చేయగానే నిన్న సాయంత్రమే డ్రైవ్ చేసుకుంటూ వచ్చారట.

"ఆ ఫోల్డరా? నేనే డిలీట్ చేశానండీ. ట్వెంటీ జీబీ పైగా తింటోంది. డిస్క్ ఫుల్ అయి స్లో అయిందేమో అనుకున్నా."

"బావగారూ, స్లో అయిందని నేను చెప్పానా? ఆగిపోయింది అన్నాను కదా!"

"అమ్మాయ్, రూట్ కాజ్ తెలియకుండా ఎలా? ముందు క్లీనప్ చేయాలి."

మనవాళ్ల ఇళ్లలో ఇది తప్పదు. కంప్యూటర్ మూలిగితే చాలు, చుట్టాల్లో ఉన్న సాఫ్ట్‌వేర్ మనిషి చొక్కా చేతులు మడుస్తాడు. ఆయన రోజూ చేసే పని వేరు, బేస్‌మెంట్‌లో ఉన్న కంప్యూటర్ వేరు అని ఎవరూ అనుకోరు. ఆయన అసలే అనుకోడు. కాలు విరిగితే ఇంట్లో ఉన్న కళ్ల డాక్టరు చేత కట్టు కట్టించుకోరు కదా? మన ఇళ్లలో ఐటీకి మాత్రం ఆ తేడా లేదు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందుకి వచ్చిన ప్రతివాడూ పులిహోర తిని, చెయ్యి తుడుచుకుని, ఒక సెట్టింగ్ మార్చి వెళ్తాడు.

తాజా అప్‌డేట్‌ని ఒక్కదాన్నే తీసేయడానికి ప్రయత్నించాను. నలభై రెండు శాతం దాకా వెళ్లి, మార్పులను రద్దు చేస్తున్నానని చెప్పి, మళ్లీ ముందు ఉన్న చోటికే వచ్చింది. ఎందుకని అడిగితే అక్షరాలూ అంకెలూ కలిపి ఒక కోడ్ చూపించింది. ఆ కోడ్‌కి అర్థం ఏదో లోపం జరిగిందని. అది మాకూ తెలుసు. డాంగిల్‌కి కొత్త డ్రైవర్, అంటే దాన్ని సిస్టంకి పరిచయం చేసే సాఫ్ట్‌వేర్, దొరుకుతుందేమో అని చూశాను. తయారీదారు ఆ మోడల్‌ని ఎప్పుడో వదిలేశాడు.

"సిస్టం ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేస్తే?" అన్నారు రఘురాంగారు.

నేనూ అదే ఆలోచిస్తున్నాను. అందులో ఉన్న డ్రైవర్లన్నీ వెతికి రాసుకోవడం మొదలుపెట్టాను కూడా. అంతలో పద్మజగారి ఫోన్ వచ్చింది. వసుంధరగారు స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టారు.

"వసూ, అయిందా నెమలి? అమ్మ పొద్దున్నుంచి అడుగుతోంది. ఒక్క ఫొటో పెట్టవా, చూపిస్తాను."

"మెడ దగ్గరున్నాను పద్మజా. తల పెట్టాక పంపిస్తా. తల లేని నెమలిని చూపిస్తే ఆవిడ నన్ను తిడుతుంది."

"తిట్టకేం? నువ్వు నిన్ననే అయిపోతుంది అన్నావు!"

ఫోన్ పెట్టేశాక వసుంధరగారు నా వైపు తిరిగారు. "మూర్తిగారూ, ఈ కంప్యూటర్ బాగవ్వకపోయినా పర్లేదండీ. కావాలంటే ట్రాష్‌లో పడేస్తా. నాకు నెమలి కావాలి."

రాసుకుంటున్న కాగితం పక్కన పెట్టాను. షాపు బెంచీ మీద, పాత ప్రింటర్లకూ స్కానర్లకూ పనికొస్తుందని ఇంటర్నెట్ తగలకుండా ఉంచిన ఒక పాత ల్యాప్‌టాప్ ఉంది. వెళ్లి తెచ్చాను. దానికి సీడీ డ్రైవ్ కూడా ఉంది. ఆవిడ మెషిన్‌తో వచ్చిన సీడీని దాచి ఉంచారు. సాఫ్ట్‌వేర్ ఎక్కింది. డాంగిల్ గుచ్చితే కిమ్మనకుండా తెరుచుకుంది. డిజైన్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టాను.

మెషిన్‌కి కేబుల్ తగిలించే ముందు వసుంధరగారు పక్కనున్న చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి సూదిని పైకి లేపారు. కొత్తగా కంప్యూటర్ తగిలినప్పుడు మెషిన్ ఫ్రేముని మొదటి స్థానానికి జరుపుకుంటుంది. సూది దిగి ఉంటే బట్ట చీరుతుంది. ఫ్రేము కదిలి, తన చోటుకి వెళ్లి ఆగింది. బట్ట క్షేమం.

ఇక మిగిలింది లెక్క. డిజైన్‌లో పద్దెనిమిది వేల పైచిలుకు కుట్లున్నాయి. మెషిన్ ఎన్నో కుట్టు దగ్గర ఆగిందో ఎక్కడా నమోదు కాలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ అంకె ఇస్తే ఆ కుట్టు దాకా బొమ్మ చూపిస్తుంది. తొమ్మిది వేలు ఇచ్చాను. వసుంధరగారు భూతద్దంలోంచి బట్టను చూస్తూ, మధ్యమధ్య తెర వైపు తిరుగుతూ చెప్పడం మొదలుపెట్టారు.

"ఇంకా తోకలోనే ఉన్నారు. ముందుకి."

మిగిలినదానిలో సగం కలిపాను.

"ఎక్కువైంది. ముక్కు వచ్చేసింది. వెనక్కి."

ఆ రెంటికీ మధ్యకి వెళ్లాను.

"ఆఁ, మెడలోకి వచ్చారు. కొద్దిగా ముందుకి."

"ఇది బైనరీ సెర్చ్ కదండీ!" అన్నారు రఘురాంగారు, చిన్నప్పటి స్నేహితుడు కనిపించినట్టు.

"పేరు తర్వాత పెడుదురుగానీ బావగారూ, ఆ లైట్ సరిగ్గా పట్టుకోండి. మీ నీడ పడుతోంది."

ఆయన లైట్ పట్టుకున్నారు. బాగానే పట్టుకున్నారు.

ప్రతిసారీ వెతకాల్సిన భాగం సగమవుతుంది కాబట్టి త్వరలోనే ఒకే వరసలోకి వచ్చాం. నీలం దారం ఎడమ అంచుకి వెళ్లి, తిరిగి కుడికి వస్తూ, మధ్యలో ఆగిన వరస. వసుంధరగారు కుట్లు వేలితో చూపకుండా కళ్లతోనే లెక్కపెట్టి ఇదే అన్నారు. అక్కడి నుంచి నాలుగు కుట్లు వెనక్కి వెళ్లాం. ఆ నాలుగూ పాత దారం మీదే మళ్లీ పడితే కొస ఊడకుండా బిగుసుకుంటుందట.

మోటారు వేయకుండా, ఆవిడ చక్రాన్ని చేత్తో తిప్పి సూదిని దించారు. మొన పాత బెజ్జానికి ఒక దారం మందం ఎడమగా వచ్చింది. నా అంకె తప్పనుకుని సరిచూడబోయాను.

"అంకె కరెక్టేనండీ. నిన్నటినుంచి బిగించి ఉంది కదా, బట్ట కొంచెం సాగింది." ఆవిడ మెషిన్ మీదున్న బాణం బటన్ ఒక్కసారి నొక్కి మళ్లీ చక్రం తిప్పారు. మొన పాత బెజ్జంలోకి దిగింది. ఆవిడ మోటారు మీట నొక్కారు. నాలుగు కుట్లు పాత దారం మీద పడ్డాయి. అయిదోది ఖాళీ పట్టు మీద పడింది.

తల, కిరీటం, కన్ను పూర్తయ్యేదాకా ఆవిడ మెషిన్ పక్క నుంచి లేవలేదు. ఫ్రేము విప్పాక ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. కలిసిన చోట తెలిసినవాళ్లకి తెలుస్తుంది. ఆవిడ ఫొటో తీసి పద్మజగారికి పంపి, కింద ఆ సంగతి కూడా రాశారు. జవాబుగా అమ్మమ్మ మాట వచ్చింది: నెమలికి తల తిప్పినప్పుడు మెడ మీద ఆపాటి మడత పడుతుంది, శనివారం తప్పించవద్దని చెప్పు.

ఈ లోపల పక్కన బల్ల మీదున్న అసలు కంప్యూటర్, మూడు గంటలుగా ఎవరూ తాకలేదు గనక, ఇంకో అప్‌డేట్ దించుకుని రీస్టార్ట్ చేయమంటారా అని అడిగింది. ఇప్పుడే, కాసేపాగి. వసుంధరగారు గోడలోంచి ప్లగ్ పీకేశారు. పాత ల్యాప్‌టాప్ ఆవిడ దగ్గరే ఉంచమని మా ఓనర్‌తో మాట్లాడి ఒప్పించాను. దానికి వైఫై చూపించవద్దని చెప్పాను. రఘురాంగారు విని తల ఊపారు. పాస్‌వర్డ్ ఎక్కించడానికి తీసిన ఫోన్‌ని మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏ ఇంటికి వెళ్లినా మొదట కంప్యూటర్‌కి ఏమైందని అడగలేదు. దానివల్ల ఆగిపోయిన పని ఏమిటి, అది ఎప్పటికి కావాలి అని అడిగాను. ఆ పని వేరే దారిలో పూర్తయ్యాక కంప్యూటర్‌ని తీరిగ్గా చూడొచ్చు. చాలా ఇళ్లలో, పని పూర్తయ్యాక, దాన్ని చూడమని నన్నెవరూ అడగలేదు.