ఆ రోజు నేను పట్టుకున్న మెడ

యాభై నాలుగేళ్ల వయసులో నా మోకాళ్లు సమ్మెకు దిగాయి. "నడక మానేసి ఈత నేర్చుకోండి" అన్నాడు డాక్టరు. భిలాయి సెక్టర్ 4లోని మా క్వార్టరు నుంచి స్విమ్మింగ్ పూల్ దాకా నా బొజ్జను చేర్చాలంటే మా స్టీలు ప్లాంటు క్రేన్ రావాలి. నేను దిగగానే నీళ్లు జానెడు పైకి లేచాయని ఇప్పటికీ నా నమ్మకం.

"డరో మత్ అంకుల్, భయపడకండి, గట్టు వదిలేయండి!" అంది కోచ్ అమ్మాయి.

వదిలాను. కాలు జారింది. సగం పూల్ తాగేశాను. చేతికందిన మెడను వాటేసుకుని, "సుజాతా, వదలకే!" అని ప్లాంటు సైరన్‌ను మించి అరిచాను.

సుజాత నా భార్య. పోయి రెండేళ్లయింది.

కళ్లు తెరిచి చూస్తే ఆ మెడ మా డీజీఎం గారిది! ఆఫీసులో నమస్కారం పెడితే కనుబొమ్మయినా కదపని మనిషి. ఈత టోపీలో ఆనవాలు పట్టలేకపోయాను. చుట్టూ అందరూ గొల్లున నవ్వారు.

"ఏటయ్యా, పీక పిసికేస్తున్నావు! కాళ్లు కింద పెట్టు, నీళ్లు నడుం దాకే ఉన్నాయి" అని కసిరారాయన. నేనింకా మెడ వదలకపోవడం చూసి గొంతు తగ్గించి, "వదల్నులే" అన్నారు.

నాకు ఈత ఇంకా రాలేదు. కానీ ఇంట్లో తలుపు తీస్తూ రోజూ నోటిదాకా వచ్చే ఆ పేరును, పిలిస్తే పలికేవాళ్లు లేరని రెండేళ్లుగా మింగేస్తూ వచ్చాను. ఆ రోజు గట్టిగా పిలిచాను. ఎవరో ఒకరు పలికారు.