కొలిచే తీగల లెక్క

1986లో నేను మహబూబాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్‌ని. ప్రాక్టికల్స్ చేయించడం, పరికరాలు సరిచూడడం నా పని. పరీక్షల ముందు ఒక శనివారం మధ్యాహ్నం సమ్మయ్య వచ్చాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా దగ్గర చదివినవాడు. మొగుళ్లపల్లిలో వ్యవసాయ కుటుంబం. డోర్నకల్‌లో హైస్కూలు టీచరుగా ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాడు. నా దగ్గర తీసుకెళ్లిన పుస్తకాలు బల్ల మీద పెట్టాడు.

"ఇగ నాతోని కాదు మేడం. బంద్ చేస్తున్న."

అతని విషయం సూపర్ కండక్టర్లు. అంటే, బాగా చల్లబరిస్తే కరెంటుకు అడ్డు చెప్పని లోహాలు. అలాంటి చిన్న రింగులో కరెంటు కుడివైపు తిరగవచ్చు, ఎడమవైపు తిరగవచ్చు. మధ్యలో ఉన్న శక్తి గట్టును ఎక్కకుండానే ఒక స్థితి నుంచి రెండో దానికి దాటుతుంది. దాన్ని టనెలింగ్ అంటారు. ఎంత వేగంగా దాటుతుందన్నదే సమ్మయ్య లెక్క. అది కొలతలతో సరిపోవడం లేదని ఇంతకుముందే చెప్పాడు.

"తప్పు ఎక్కడుందో తెలిసిందా?" అని అడిగాను.

"మూడేండ్ల సంది చూస్తున్న, దొరుకుతలేదు. నా లెక్కల గబగబ దాటుతది. వేరే ల్యాబుల ప్రయోగం చేసి కొలిచినోళ్లకేమో శానా మెల్లగ దాటింది. టాపిక్ మార్చుమంటుండు గైడ్ సారు." పుస్తకాలను నా వైపు జరిపాడు. "అరవై తొమ్మిది ఉద్యమంల కాలేజీలు బందై ఒక ఏడాది పోయింది. అప్పుడు అందరిది పోయింది, ఏమనిపియ్యలే. గిది నా ఒక్కనిదే గద."

ఏం చెప్పాలో తోచలేదు. చేతిలో పని మాత్రం ఉంది. "జర ఈ స్కేలు పట్టుకో సమ్మయ్యా," అన్నాను.

గాల్వనోమీటర్ సరిచూస్తున్నాను. సన్నని కరెంటును పసిగట్టే పరికరం అది. లోపల తీగచుట్ట ఊగుతుంటే స్కేలు మీద వెలుగు చుక్క అటూ ఇటూ తిరుగుతోంది. నేను కీ నొక్కగానే చుక్క నిలిచిపోయింది.

"ఏం చేసిండ్రు మేడం?"

"కొత్తదేం కాదు. చుట్ట రెండు కొసలు బయట కలిపిన. ఊగుతుంటే పుట్టే కరెంటు ఈ బయటి తీగల పారి వేడై పోతది. ఊపు ఆగుతది. సెకండియర్ల నీకు నేనే చూపించిన."

"మళ్ల నొక్కుండ్రి."

ఐదారుసార్లు నొక్కించాడు. తర్వాత స్టూలు లాక్కొని నోట్‌బుక్ తీశాడు.

"రింగుల ఉన్న గట్టునే లెక్కేసిన మేడం. రింగు నుంచి కొలిచే మీటరుకు పోయే తీగలు బయటియి గదా అని వదిలేసిన. వాటిల శక్తి పోతది. పోతే దాటుడు మెల్లగైతది."

"ఆ తీగల సంగతి ఎవరిని అడగాలె?"

"కొలిచినోళ్లనే."

అక్కడే కూర్చుని ఉత్తరం రాశాడు. తీగల వివరాలతో జవాబు వానాకాలంలో వచ్చింది. తీగలను కలుపుకొని మళ్లీ లెక్కవేస్తే, అచ్చంగా సరిపోలేదు గాని, బాగా దగ్గరికి వచ్చింది. అది చాలు, థీసిస్ రాయమన్నారట గైడ్. మరుసటి ఏడాది అతనికి డాక్టరేట్ వచ్చింది.

అతని లెక్కలు నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కావు. ఆ రోజు నాకు ఓదార్పు మాట దొరికి ఉంటే, అది విని అతను రైలెక్కి వెళ్లిపోయేవాడేమో. తర్వాత ఎవరు చదువు మానేస్తానని వచ్చినా, ముందు పక్కన కూర్చోబెట్టుకుని పరికరాలు తీసేదాన్ని.