తిరగబడ్డ పువ్వుకు కాపలా

మెక్సికోలోని చియాపాస్ అడవి అంచున చోల్ తెగ రైతుల ఊరు నికోలాసాది. అడవిలో అలంకరణ ఆకులు కోసి బేరగాళ్లకు అమ్మేది. ఆ వానాకాలం, వాళ్ల చేనును ఆనుకున్న చిత్తడి అడవిలో ఓ పట్నం మనిషి కుళ్లిన ఆకుల మీద బోర్లా పడుకుని కనిపించింది.

"ఏం పారేసుకున్నావమ్మా?"

"పారేసుకోలేదక్కా, దొరికింది!" అంటూ ఆమె భూతద్దం అందించింది. పేరు ఎల్విరా, మొక్కల శాస్త్రం చెప్పే పంతులమ్మ.

అద్దం కింద ఆవగింజంత పువ్వు. మొక్క పాలిపోయిన దారప్పోగులా ఉంది, ఆకుపచ్చదనమే లేదు.

"మామూలు పువ్వుకు కాయ కట్టే భాగం నడుమ, పుప్పొడి చుట్టూ ఉంటాయి. దీనికి తిరగబడింది. పుప్పొడి భాగాన్ని పుట్టించే జన్యువు చోటు మార్చి నట్టనడుమ పనిచేస్తోంది. ఎందుకు మారిందో తెలిస్తే పువ్వుల పుట్టుకే కొంత తెలుస్తుంది."

"మా ఇంట్లోనూ అంతే. ఆయన పొయ్యి ముందు నడుమ కూర్చుంటాడు, మేం చుట్టూ తిరుగుతాం."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఇంటిదారి పట్టాక నికోలాసా నవ్వు ఆగిపోయింది. వేసవిలో ఆ అడవినే కాల్చి మొక్కజొన్న వేయాలని ఆమె భర్త తిబుర్సియో కత్తి నూరుకుంటున్నాడు మరి.

"ఆవగింజంత పువ్వు కోసం చేను వదులుకోమంటావా?" అని, అక్కడ నిప్పు పెట్టొద్దని ఆమె అడిగేసరికి అతను ఎగిరిపడ్డాడు.

"అక్కడ నీళ్లు నిలిచి కంకులు కుళ్లిపోవూ? ఆ మాట నువ్వే అన్నావుగా!"

తిబుర్సియో గొణుక్కుంటూ కత్తి చూరులో దోపేశాడు. అయినా వేసవిలో పొరుగువాడు పెట్టిన నిప్పు ఇటు పాకి చిత్తడిని మాడ్చేసింది. వానలొచ్చినా పువ్వు రాలేదు. ఎల్విరా మూడు రోజులు వెతికి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

నికోలాసా వదల్లేదు. ఆకులు కోయడానికి వెళ్లిన ప్రతిరోజూ తడి ఆరని చోట్ల రాలిన ఆకులు ఎత్తి చూసేది. అక్టోబరులో వాగు అవతలి గట్టున పదకొండు మొక్కలు కనిపించాయి. అందులో ఒకదాని పువ్వు మిగతావాటిలా లేదు.

కబురందుకున్న ఎల్విరా పరుగున వచ్చి అద్దం పెట్టింది. "అక్కా, దీంట్లో పుప్పొడి భాగమే లేదు! ఈ జాతి ఇంకా మారుతూనే ఉంది. కొత్త పని దొరికింది నాకు!"

వెనక కత్తి చప్పుడు. తిబుర్సియో గట్టు పొడుగునా గడ్డీ పొదలూ నరుకుతున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది నికోలాసా.

"వచ్చే వేసవిలో ఇంకొకడి నిప్పు ఇటు రాకూడదుగా," అన్నాడు తలెత్తకుండానే. "ఊరికే చూస్తారేం? ఆ కొమ్మలు పక్కకు లాగండి."