తొమ్మిదో గడి

శనివారం పొద్దున్నే స్నానం చేసి, ఒక్క మాట చెప్పి రావడానికి మా వీధి చివర వడ్రంగి అన్నయ్య ఇంటికి వెళ్ళాను. "జగన్నాథుణ్ణే వెయ్యి" అన్నది ఆ మాట. వాకిట్లో మనుషులు నిలబడి ఉన్నారు. తెల్లవారుతుండగా దగ్గు తెర వచ్చి ఆయన పోయాడని వదిన చెప్పింది. నా మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. బరంపురంలో ముప్పై ఏళ్ళు ఒకే వీధిలో ఉన్నందుకు అన్నయ్య. అందరు వడ్రంగుల్లాగే తలుపులూ మంచాలూ చేసేవాడు. ఇంకో పని కూడా తెలుసు ఆయనకి. ఇనప ఊచలు కుంపట్లో ఎర్రగా కాల్చి, ఆ మొనతో చెక్క మీద బొమ్మలు వేసేవాడు. రంగు అక్కర్లేదు. వయసులో ఉన్నప్పుడు మంచం కోడుకి కాల్చిన ఊచతో బెజ్జం వేస్తుంటే చెయ్యి జారి నల్లటి గీత పడిందట. మంచం చేయించుకున్నాయన తిడతాడని ఆ గీతని చిలక తోక చేసేశాడు. అక్కణ్ణుంచి మొదలు.

పోయిన వేసవిలో మా దేవుడి గది తలుపు మీద దశావతారాలు వెయ్యమని అడిగాను. గుమ్మడి టేకు తలుపు, పసుపు పచ్చగా ఉంటుంది. రెక్కకి ఐదు గడులు. మా వసారాలోనే కూర్చుని వేసేవాడు. వేడి ఎంతుందో చూడ్డానికి ఊచని చెంప దగ్గరికి తెచ్చుకునేవాడు. చెంప కాలుతుందేమోనని నాకు భయం. నిప్పురవ్వ ఎగిరి మా ఆయన కొట్టు కోసం తెచ్చిన గుడ్డల మూటలకి అంటుకుంటేనో? అందుకని రోజూ చెంబు నిండా నీళ్ళు ఆయన పక్కన పెట్టేదాన్ని.

"ఈ నీళ్ళు నాను తాగడానికా సెల్లెమ్మా, ఇల్లు ఆర్పడానికా?" అంటూ గటగటా తాగేసేవాడు. మళ్ళీ నింపి పెట్టేదాన్ని.

కూర్మావతారం వేస్తుండగా ఉండబట్టలేక "జాగ్రత్త అన్నయ్యా" అన్నాను. చెయ్యి ఆగింది. ఆగినచోట చెక్క కాలి తాబేలు వీపు మీద మచ్చ పడింది. ఆయన కోప్పడలేదు.

"ఉలి దెబ్బయితే సిత్రిక పట్టి నునుపు సేసీయొచ్చు. కాలింది మరి పోదు. ఊచ సెక్క మీదున్నప్పుడు బయపడకూడదమ్మా. ఆ బయమేదో ముందే పడిపోవాల."

తొమ్మిదో గడి దగ్గర పని ఆగింది. మా అత్తవారి వైపు తొమ్మిదో అవతారం బుద్ధుడు. ఇక్కడ ఒడియా వాళ్ళ ఇళ్ళలో ఆ చోట జగన్నాథుడుంటాడు. ఒడియా పల్లె పాత్రపూర్ నుంచి వచ్చిన మా కోడలు జగన్నాథుణ్ణే వేయిద్దామంది. మా ఆయన ఒప్పుకోలేదు.

"మనూరు ఒరిస్సాలో కలిపీసినారని దేవుళ్ళని కూడా మార్సేస్తారేటి?"

అన్నయ్య కుంపట్లో ఊచ తిప్పుతూ అన్నాడు: "రాష్ట్రం కొత్తది గానీ ఆయన పాతోడే కదా బావగారూ. నిరుడు రథం లాగినప్పుడు తాడు నీ సేతిలోనే ఉంది. నాను సూసినాను."

మా ఆయనకి నవ్వొచ్చింది. "పూజ సేసేది అది. దాన్నే అడుగు," అని కొట్టుకి వెళ్ళిపోయాడు.

అలా ఆ మాట నా మీద పడింది. జగన్నాథుణ్ణి వేయిస్తే, శ్రీకాకుళం నుంచి ఆడపడుచులొచ్చి ఒడియా వాళ్ళైపోయారని దెప్పుతారేమో. వేయించకపోతే ఆ స్వామికి కోపమొచ్చి, కడుపుతో ఉన్న కోడలికి ఏమైనా అవుతుందేమో. రాత్రింబవళ్ళు ఇదే. అన్నయ్య కల్కిని ముందే వేసేసి ఆ గడి వదిలేశాడు. రథయాత్రకి అడిగాడు. దసరాకి అడిగాడు. ఇంకా తేల్చుకోలేదన్నాను.

"తొందరేటి? నువ్వెప్పుడు సెప్తే అప్పుడే. రెండు గుండ్రటి కళ్ళు పెట్టడానికి ఎంతసేపు?" అన్నాడు. అంటూనే దగ్గాడు. చెక్క పొగ అనుకుని శొంఠి కషాయం ఇచ్చి ఊరుకున్నాను. ప్రతిదానికీ హడలిపోయే దాన్ని, ఆ దగ్గుకి మాత్రం భయపడలేదు.

ఆయన పోయే ముందు రోజు, శుక్రవారం సాయంత్రం దీపం పెడుతుంటే తాబేలు వీపు మీది మచ్చ కంటపడింది. ముందే పడిపోవాలన్న భయం ఆర్నెల్లుగా పడుతూనే ఉన్నాను కదా అనిపించింది. ఆడపడుచులు ఏమన్నా అననీ, జగన్నాథుణ్ణే వేయిద్దామని మా ఆయనతో అన్నాను. అప్పుడే వెళ్ళి ఉంటే నా మాట విని ఉండేవాడు. దీపాల వేళ ఇల్లు దాటడమేమిటని తెల్లవారేదాకా ఆగాను.

పన్నెండో రోజు కార్యం అయ్యాక వదిన ఒక సన్న ఊచ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ తలుపు కోసమే సాన బట్టి ఉంచినాడు వదినా. మా ఇంట్లో ఎవులికి పనికొస్తాది?"

"గేట్ బజార్ కాడ ఇంకో వడ్రంగున్నాడు. పిలిపించనా? నువ్వన్నట్టు జగన్నాథుణ్ణే ఏయిద్దాం," అన్నాడు మా ఆయన. ఇంకో చెయ్యి పడితే పోయిన అన్నయ్యకి కష్టంగా ఉంటుందేమో, పడకపోతే స్వామికి కష్టంగా ఉంటుందేమో. చూద్దాం అంటూ రోజులు నెడుతున్నాను.

తొమ్మిది గడులు దీపం పొగకి కాస్త నల్లబడ్డాయి. ఆ ఒక్కటీ పసుపు పచ్చగానే ఉన్నట్టు నాకు కనిపిస్తుంది. చెంబుతో నీళ్ళు ఇప్పటికీ తలుపు పక్కన పెడుతున్నాను. కాలికి తగులుతోంది తియ్యమంటాడు మా ఆయన. సాయంత్రం దీపం పెడితే ఆ నీళ్ళ మెరుపు ఉత్త చెక్క మీద పడి గుండ్రంగా కదులుతూ ఉంటుంది.