ఆడవాళ్ల లైన్లో అమ్మ

నేను పిరికివాణ్ని. ఇప్పుడు ధైర్యంగానే చెప్పుకుంటున్నాను గానీ, తొంభైల్లో యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరైనా ఈ మాట అంటే కొట్లాటకు దిగేవాణ్ని. దిగాక అవతలివాడు నిజంగానే కొడతాడేమోనని భయపడేవాణ్ని. మెస్‌లో రెండోసారి కూర అడగాలంటే భయం. ఇంగ్లీషులో పలకరించే లెక్చరరు ఎదురైతే దారి మార్చి చెట్ల మధ్య నుంచి పోయేవాణ్ని. ఇన్ని భయాల్లో నిజంగా భయపడవలసింది ఒక్కటే వచ్చింది. దాన్ని నా చేతులారా నేనే తెచ్చుకున్నాను.

ఆ ఏడాది చలికాలంలో మా అమ్మ ఊరి నుంచి, మా హాస్టల్‌కు దగ్గర్లోనే ఉన్న లాలాపేట్ వచ్చింది. అక్కడ మా చిన్నమ్మకు రెండో కాన్పయింది. బాలింతకు వండిపెట్టడానికి, పసిపిల్లకు నీళ్లు పోయడానికి ఒక పదిహేను రోజులు ఉందామని దిగింది. అమ్మకు చదువు రాదు. పట్నం రావడం అదే మొదలు. ఎక్కడ దిగావని ఎవరైనా అడిగితే "మా చెల్లె ఇంట్ల" అనేది. గల్లీ పేరు, ఇంటి నెంబరు ఆమెకు తెలియవు. మా ఊళ్లో అవి ఎవరికీ అవసరం రావు కాబట్టి ఇక్కడ అవసరమవుతాయని ఆమెకు తోచనూ లేదు.

హాస్టల్లో నా రూమ్మేట్ జాగ్రఫీ చదివేవాడు. వాడికి రెండే ఇష్టాలు, మ్యాపులు, సినిమాలు. హాస్టల్ పక్కనే ఉన్న తార్నాకలో ఏ హాలు పేరు చెప్పినా మొహం చిట్లించేవాడు. సినిమా చూస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోనే చూడాలి, ఒకే చౌరస్తాలో అన్ని హాళ్లు, అన్ని కటౌట్లు ఇంకెక్కడున్నాయి అనేవాడు. అప్పుడు ఒక పెద్ద హీరో బొమ్మ ఆడుతోంది. మూడో వారం వచ్చినా టికెట్లు దొరకడం లేదు. వాడు రెండు ఆదివారాలు వెళ్లి, మొదటిసారి చొక్కా జేబు చింపుకుని, రెండోసారి మోచేయి గీరుకుని వచ్చాడు.

మా అమ్మ వచ్చిందని తెలిసిన రోజు తార్నాకలో చాయ్ తాగుతూ, ఎన్ని రోజులుంటుందని అడిగాడు. పెద్దావిడ మీద గౌరవం అనుకున్నాను. రెండో చాయ్‌కి అసలు సంగతి బయటపెట్టాడు. ఆ రోజుల్లో హాళ్ల దగ్గర ఆడవాళ్లకు వేరే లైను ఉండేది. మగవాళ్ల లైను రోడ్డు దాకా కొండచిలువలా పడి ఉంటే, ఆడవాళ్ల లైన్లో పదీ ఇరవై మంది ఉండేవారు. అందుకని క్యాంపస్ కుర్రాళ్లు అక్కనో వదిననో బతిమాలి వెంట తీసుకుపోయేవాళ్లు. ఎవరూ లేనివాళ్లు అక్కడ నిలబడ్డ ముక్కూమొహం తెలియని ఆడవాళ్లను అక్కా అక్కా అని పిలిచి చేతిలో డబ్బులు పెట్టేవాళ్లు.

"మీ అమ్మ పోయి మూడు టికెట్లు తీస్కొస్తది. ఐదు నిమిషాల పని. అమ్మకు పట్నం చూపించినట్టు గూడ ఉంటది" అన్నాడు.

అమ్మకు పట్నం కొత్త అన్నాను. గుంపులో ఎప్పుడూ నిలబడలేదన్నాను. తప్పిపోతే అన్న మాట గొంతు దాకా వచ్చింది గానీ, వాడు అప్పటికే నవ్వుతున్నాడు. ఎంఏ చదివే అమ్మకూచి అంటాడని భయమేసింది. అమ్మ తప్పిపోతుందన్న భయం కంటే ఆ భయమే ఆ క్షణాన పెద్దదైంది. సరే అన్నాను.

వాడు మ్యాపు గీశాడు. అంత అందమైన మ్యాపు వాడు పరీక్షల్లో కూడా గీసి ఉండడు. చార్టు వెనకవైపు స్కేలు పెట్టి, మూలన ఉత్తర దిక్కు బాణం వేసి, తార్నాక బస్టాపు నుంచి అడిక్‌మెట్, విద్యానగర్ మీదుగా క్రాస్ రోడ్స్ దాకా రోడ్డు లాగాడు. హాళ్లకు చిన్న డబ్బాలు. మగవాళ్ల లైనుకు నీలం చుక్కలు, ఆడవాళ్ల లైనుకు ఎర్ర గీత. నేను నిలబడే చోటు, వాడు నిలబడే చోటు, మేమిద్దరం విడిపోతే కలుసుకునే చోటు. ఎర్ర గీత టికెట్ కౌంటర్ దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది. మేమిద్దరం ఆడవాళ్ల లైన్లో ఎప్పుడూ నిలబడలేదు. టికెట్ తీసుకున్న ఆడమనిషి ఎటు నుంచి బయటికి వస్తుందో మాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా మాకు తట్టలేదు.

లాలాపేట్ వెళ్లి అమ్మతో, ఆదివారం నిన్ను పట్నం తిప్పుతానన్నాను. పసిపిల్లకు సాంబ్రాణి పొగ వేస్తున్నదల్లా ఆగిపోయి నా వైపు చూసింది. ఏమేం చూపిస్తావని అడిగింది. రెండంతస్తుల ఎత్తున నిలబెట్టే కటౌట్ల గురించి, వాటికి వేసే బండెడు పూలదండల గురించి చెప్పాను. టికెట్ల మాట చెప్పలేదు. చిన్నమ్మ మంచంలోంచే, ఆరేళ్లయింది పట్నం వచ్చి, ఒక్కనాడూ తననెవరూ తిప్పలేదని వాపోయింది. అమ్మ ముఖంలో చిన్న గర్వం కనిపించింది. అది చూశాక ఎక్కువసేపు కూర్చోలేక లేచి వచ్చేశాను.

తప్పిపోతే ఎక్కడ కలవాలో అమ్మకు చెప్పాలని ఆ వారంలో రెండుసార్లు లాలాపేట్ వెళ్లాను. చెప్పలేదు. తప్పిపోతే అంటే భయపడుతుంది, భయపడితే ఎందుకు తప్పిపోతానని అడుగుతుంది, అడిగితే లైను సంగతి చెప్పాలి. రెండుసార్లూ చాయ్ తాగి వచ్చేశాను. ఆదివారం బంద్ వస్తే బాగుండుననుకున్నాను. మా క్యాంపస్‌లో ఏదో ఒక సంఘం ఏదో ఒకదానికి బంద్ పిలుపు ఇస్తూనే ఉండేది. నాకు కావలసిన వారం మాత్రం అందరూ బుద్ధిగా క్లాసులకు పోయారు.

ఆదివారం మధ్యాహ్నం తార్నాకలో బస్సెక్కాం. అమ్మ ముందు వైపు ఆడవాళ్ల సీట్లలో, మేం వెనక. మధ్యలో మనుషులు నిండిపోయారు. ఆమె తల కనిపిస్తే ఊపిరి తీసుకునేవాణ్ని, కనిపించకపోతే మెడ సాచేవాణ్ని. విద్యానగర్‌లో నాలుగు నిమిషాలు అసలు కనిపించలేదు. ఎక్కడైనా దిగిపోయిందేమోనని మనుషులను తోసుకుంటూ ముందుకు పోయాను. తీరా చూస్తే పక్కావిడ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తోంది.

క్రాస్ రోడ్స్‌లో దిగేసరికి హాలు ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. అమ్మ నా చొక్కా అంచు పట్టుకుంది. కటౌట్ మా తలల మీదే ఉంది, ఆమె తల ఎత్తలేదు. రూమ్మేట్ తొందరపెట్టాడు. ఆడవాళ్ల లైను ఇనుప జాలీల మధ్య ఒక సందు, ఒక మనిషి పట్టేంత వెడల్పు. దాని మొదట్లో అమ్మ చేతిలో డబ్బులు పెట్టి, మూడు టికెట్లని చెప్పమన్నాను. అప్పుడే మొదటిసారి ఆమెకు విషయం తెలిసింది.

"నువ్వు రావా కొడుకా?" అంది.

"ఆడోళ్ల లైన్ల నన్ను రానియ్యరమ్మా. నువ్వు తీస్కొని రా. నేను గీడనే ఉంట."

ఆమె సందులోకి వెళ్లింది. ఒకసారి వెనక్కి తిరిగి నేనున్నానా లేదా చూసుకుంది. తర్వాత ఇంకో ఆడమనిషి ఆమె వెనక వచ్చి నిలబడింది, ఇంకొకావిడ వచ్చింది, అమ్మ కనిపించలేదు.

కౌంటర్ తెరిచారు. ఒక్కసారిగా మగవాళ్ల లైను విరిగింది. పోలీసు లాఠీ జాలీ మీద కొట్టిన చప్పుడుకు గుంపంతా పక్కకు ఒరిగితే, నన్ను నిలబడ్డ చోటి నుంచి ఎత్తుకుపోయినట్టు రోడ్డు అవతలికి నెట్టేశారు. గీడనే ఉంటానన్న మాట రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. మళ్ళీ తోసుకుంటూ వచ్చేసరికి కౌంటర్ మీద హౌస్ ఫుల్ బోర్డు వేలాడుతోంది. ఇనుప సందు ఖాళీగా ఉంది. తొక్కుళ్లలో ఊడిన ఒక చెప్పు మాత్రం నేల మీద పడి ఉంది.

ఆ చెప్పు అమ్మదో కాదో నేను గుర్తుపట్టలేకపోయాను. కొడుకునై ఉండి గుర్తుపట్టలేకపోయాను.

వస్తుందిలే అన్నాడు రూమ్మేట్. పది నిమిషాలు చూశాం. ఆట మొదలైనట్టుంది, లోపల ఈలలు వినిపిస్తున్నాయి. గేటు దగ్గర ఊడుస్తున్న ఆమెను, లైన్లోకి పోయిన ఆడవాళ్లు ఎటు వస్తారని అడిగాను. ఇంత తెలియదా అన్నట్టు చూసింది.

"ఆడోళ్లు గిట్ల రారు. ఎనక గల్లీలకెళ్లి పంపుతరు" అంది.

ఇంతసేపూ అమ్మ హాలు వెనక ఉంది, నేను ముందు ఉన్నాను. గల్లీలోకి పరుగెత్తాను. అక్కడ సైకిళ్లు తప్ప మనిషి లేడు. గల్లీ చివర ఇంకో రోడ్డు, ఆ రోడ్డు నిండా మళ్ళీ జనం. వెనక గేటు కాపలా అతన్ని పట్టుకుని, మా అమ్మ కనబడిందా అని అడిగాను. ఎట్లుంటుందన్నాడు. నాలాగే ఉంటుందన్నాను. ఏ రంగు చీర అన్నాడు.

నాకు తెలియదు. లాలాపేట్ నుంచి తార్నాక దాకా ఆమె పక్కనే నడిచాను, బస్సులో ఆమె తలను కళ్లార్పకుండా చూశాను, ఏ రంగు చీర కట్టుకుందో చూడలేదు. మ్యాపులో మూడు సెంటీమీటర్లు ఎంత దూరమో అడిగితే ఠక్కున చెప్పేవాణ్ని. అతను తల అడ్డంగా ఊపి బీడీ వెలిగించుకున్నాడు.

తర్వాతి ముప్పావుగంట నాకు ముక్కలుముక్కలుగానే గుర్తుంది. మా నాయన ముఖం కళ్ల ముందుకొచ్చింది. అమ్మను ఎక్కడ పోగొట్టావురా అంటే, సినిమా టికెట్ల కోసం లైన్లో నిలబెట్టాను నాయనా అని చెప్పాలి. అమ్మ ఎవరినైనా ఆపి "మా చెల్లె ఇల్లు ఏడ" అని అడుగుతుంటుంది, లక్షల మంది ఉన్న ఈ ఊళ్లో ఎవరు చెబుతారు? ఏ బస్సో ఎక్కేస్తే? ఎవడైనా మంచిమాటలు చెప్పి తీసుకుపోతే? రూమ్మేట్ ఒకవైపు, నేను ఒకవైపు తిరిగాం. పెద్దగా "అమ్మా" అని పిలవడానికి కూడా సిగ్గు అడ్డం వచ్చింది. కాసేపటికి ఆ సిగ్గు చచ్చింది. అమ్మా అమ్మా అని అరుస్తూ పోతుంటే ఎవరి పిల్లలో నవ్వారు.

కనిపించింది. గల్లీ దాటి, రోడ్డు మలుపు దగ్గర, జామకాయలమ్మే ఆమె గంప పక్కన నేల మీద కూర్చుని ఉంది. వెనక గేటు దగ్గరే నిలబడ్డదట, కానీ గేటు కాడ ఉండొద్దని తరిమారట, గోడ వెంట నడుచుకుంటూ ఇక్కడికి వచ్చిందట. ఏడుస్తుంటే జామకాయలామె కూర్చోబెట్టుకుందట. ఇవన్నీ ఆ జామకాయలామే చెప్పింది, చెబుతూ నన్ను తిట్టవలసినవన్నీ తిట్టింది. అమ్మ చీర ఆకుపచ్చది. ఒక కాలికి చెప్పు లేదు. నన్ను చూసి పిడికిలి విప్పింది. చెమటకు మెత్తబడ్డ టికెట్లు ఉన్నాయి.

"మూడు దొరికినయి కొడుకా. ఆట షురువైందేమో, జల్ది పోన్రి" అంది.

రూమ్మేట్ ఒక టికెట్ తీసుకుని, తల దించుకుని వెళ్లిపోయాడు. వాణ్ని ఏమీ అనుకోలేదు, వాడి అమ్మ కాదు కదా. నేను అమ్మను చౌరస్తాకు తీసుకొచ్చి, పైకి చూడమ్మా, అదే నేను చెప్పిన కటౌట్ అన్నాను. చూస్తున్నానంది. రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని, నా కాళ్లవైపే చూస్తోంది. నేను ఎటు అడుగేస్తే అటు అడుగేస్తోంది. ఇంటికి పోదాం అంది.

లాలాపేట్‌లో చిన్నమ్మ ఉత్సాహంగా, ఏమేం చూశావక్కా అని అడిగింది. అమ్మ, చెప్పు పోయిన సంగతి కూడా తన మీదే వేసుకుంది. తనే అటూ ఇటూ చూస్తూ ఆగమైందట, చెప్పు ఎక్కడో జారిందట, పిల్లగాడు మంచిగానే తిప్పాడట. చిన్నమ్మ నవ్వి, పల్లెటూరి దానివి అనిపించుకున్నావుగా అంది. నేను గోడకు ఆనుకుని అంతా విన్నాను.

వెళ్లొస్తానని లేచాను. అమ్మ వాకిలి దాకా వచ్చింది, తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు చాలా మెల్లగా అడిగింది.

"టికెట్ల కోసమే తీస్కపోయిన్వా?"

ఔనంటే సరిపోయేది. ఆమె కొట్టేది కాదు, తిట్టేది కూడా కాదు. అయినా నాకు భయమేసింది, ఆ రోజంతటిలో అన్నింటికంటే ఎక్కువ భయం అప్పుడే వేసింది.

"కాదమ్మా. నీకు పట్నం చూపియ్యాలనే" అన్నాను.

అమ్మ నమ్మింది. కనీసం నమ్మినట్టు తల ఊపింది.

"అట్లయితే ఇంకోసారి తీస్కపో కొడుకా. ఇయ్యాల ముందలామె ఈపు తప్ప ఏం చూడలె" అంది.

తీసుకుపోతానన్నాను. ఆమె ఇంకా ఆరు రోజులు లాలాపేట్‌లోనే ఉంది. తార్నాక నుంచి నడిచి పోయేంత దూరం. ఆ ఆరు రోజులూ నేను అటువైపు వెళ్లలేదు.