లోహిత్ పేరుమీద నవనీత పని

మీరు చేసిన పని మీదేనని నిరూపించుకోవాలంటే ముందుగా ఒక తప్పు ఒప్పుకోక తప్పదనుకోండి. ఒప్పుకుంటారా? తొందరపడి జవాబివ్వకండి. న్యాయశాస్త్రం చదివిన నాకే ఇది ఇప్పటికీ కొరుకుడుపడలేదు.

నవనీత రోజూ లింగంపల్లి నుంచి రాయదుర్గం వచ్చి, మందులు పంపిణీ చేసే ఒక కంపెనీలో ఏజెన్సీ తరఫున పనిచేస్తుంది. ఏ దుకాణానికి ఏ మందు చేరలేదో డేటాబేస్‌లో వెతికి, ఆ ఫలితాలను స్ప్రెడ్‌షీట్‌గా మార్చి పంపడం ఆమె ఉద్యోగం. డేటాబేస్‌కు ఆమె పేరిట అకౌంటు ఉంది. స్ప్రెడ్‌షీట్‌కు లైసెన్సు లేదు. అది కొనవలసింది ఏజెన్సీ అని కంపెనీ, కంపెనీయే అని ఏజెన్సీ చేతులు దులుపుకున్నాయి. పని మాత్రం ఇద్దరికీ కావాలి!

అంతకుముందు ఆమె సీట్లో పనిచేసి వేరే టీముకు మారిన లోహిత్ స్ప్రెడ్‌షీట్ అకౌంటు ఆ కంప్యూటర్లో అలాగే ఉండిపోయింది. "నాదే వాడుకో అక్కా" అన్నాడతను. నవనీత అకౌంటుతో ఫైలు బయటికి రాదు. అతని అకౌంటుతో వస్తుంది, కానీ దాన్ని తయారుచేసినవారి పేరు లోహిత్ అని పడుతుంది. పని ఆగకూడదని ఆమె అలాగే పంపుతూ వచ్చింది.

ఈ ఏడాది ఏజెన్సీ వాళ్లలో ఒకరిని సొంత ఉద్యోగిగా తీసుకోవాలని కంపెనీ నిర్ణయించింది. నవనీత పని చూడడానికి మేనేజరు భీమేశ్వరరావు ఫైళ్లు తెరిచాడు.

"ఇవన్నీ లోహిత్ చేసినవి కదండీ?"

"నేనే చేసిన సార్. ఆయన అకౌంటు నుంచి తీసిన."

"అయ్యో, ఆ మాట పైకి అనకండి! వేరేవాళ్ల లైసెన్సు వాడారని తెలిస్తే లోపలికి రానిచ్చే మీ గేటు పాస్ లాగేసుకుంటారు."

"అయితే నేను చెయ్యలేదనాల్నా?"

"అలా ఎందుకంటారండి?"

"మరి చేసిన అనాల్నా?"

"అదీ వద్దండి."

ఆమె ఏమనాలో ఆయనకూ తెలియదు.

క్యాంటీన్‌లో లోహిత్ పగలబడి నవ్వాడు. "నాకే తెలీకుండా ఇంత కష్టపడ్డానా అక్కా? బిర్యానీ ఇప్పిస్తాలే!"

"నీ బిర్యానీతోని నా నౌకరీ వస్తదారా?"

అతని నవ్వు ఆగింది. అయినా అతని తప్పేమిటి? సాయం చేయబోయాడు. ఆమె తప్పేమిటి? అడిగిన పని చేసింది. పనిముట్టు ఇవ్వకుండా పని పిండుకున్నవారిని ఏ నిబంధన ప్రశ్నిస్తుంది? నాకైతే కనిపించలేదు.

ఒక ఆధారం మాత్రం ఉంది. ప్రతి ఫలితాన్నీ ఏ అకౌంటుతో వెతికారో డేటాబేస్‌లో నమోదవుతుంది. అక్కడున్నది నవనీత పేరే. అయితే వెతికిన పేరునూ ఫైలు మీది పేరునూ పక్కపక్కన పెడితే ఆమె పనీ బయటపడుతుంది, తప్పూ బయటపడుతుంది.

"ఊరుకుంటే ఈ పాస్ అయినా మిగులుతుందండి" అన్నాడు భీమేశ్వరరావు.

"ఊరుకుంటే నేను ఈడ ఏం చేసినట్టు సార్?"

ఆ సమాధానం సరైనదో కాదో ఆమెకూ తెలియదు. అయినా ఆ మధ్యాహ్నమే, రెండు రికార్డులనూ ఒకేసారి తెరిచి చూడమని తన పేరుతో, తన అకౌంటు నుంచి కంపెనీకి రాసి పంపింది.